లక్క పళ్ళెంలో తెలుగు పాట

ప్రవేశిక: నాణేలు, తపాలా బిళ్ళలు సేకరించేవారిని మీరు చూసే ఉంటారు. పాత పాటల రికార్డులను సేకరించేవారూ ఉన్నారు. వారి శ్రమ వల్ల మన భాషకు కలిగే మేలు ఏమిటో తెలుసుకుందాం.

అటక మీద దుమ్ము కొట్టుకొని ఉన్న ఒక నల్లని పళ్ళెం మీ కంటబడిందనుకోండి. మధ్యలో చిన్న రంధ్రం. దాని చుట్టూ గుండ్రని కాగితం. ఆ కాగితం మీద ఒక తెలుగు పాట పేరు, పాడినవారి పేరు. దానిని పాత సామానులవాడికి వేస్తారా? ఒక్క క్షణం ఆగండి. ఆ పాట ఇప్పుడు ఆ పళ్ళెంలో తప్ప మరెక్కడా లేకపోవచ్చు.

అది గ్రామఫోను రికార్డు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ అనే గాయని పాటలను రికార్డు చేశారు. పాట ముగియగానే ఆమె తన పేరు తానే చెప్పేది. ఆ రోజుల్లో పళ్ళేలు జర్మనీలో తయారై వచ్చేవి. 1908లో కలకత్తాలోనే కర్మాగారం వెలసింది. వీటి తయారీకి ముఖ్యమైన ముడిసరుకు లక్క. మోదుగ, రేగు వంటి చెట్లపై బతికే చిన్న పురుగులు స్రవించే జిగురు నుండి లక్క వస్తుంది. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చేదీ లక్కే. పళ్ళెం నిమిషానికి 78 చుట్లు తిరిగేది. 10 అంగుళాల పళ్ళెం ఒక వైపున సుమారు మూడు నిమిషాల పాట పట్టేది. చేయి జారితే పలకలా పగిలిపోయేది.

తెలుగు రికార్డులకు మద్రాసు పెద్ద కేంద్రంగా ఉండేది. నాటక పద్యాలు, సినిమా పాటలు, లలిత గీతాలు రికార్డులుగా వచ్చాయి. శంకరంబాడి సుందరాచారి రచించిన ‘మా తెలుగు తల్లికి’ గీతాన్ని టంగుటూరి సూర్యకుమారి రికార్డుకు పాడారు. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ ఘంటసాల గొంతుతో ఇంటింటికీ చేరింది. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి పాడిన లలిత గీతాలను ఆనాటివారు మక్కువతో విన్నారు.

సినిమా పాటకు సినిమా అండగా ఉంటుంది. లలిత గీతానికి ఆ అండ లేదు. దానికి రికార్డే ఆధారం. పేరున్న పాటలు ఎలాగో నిలుస్తాయి. పేరు రాని పాట మాత్రం ఆఖరి పళ్ళెం పగిలిన నాడే పోతుంది. అందుకే సేకర్తలు అంతగా తపిస్తారు. చెన్నైలో స్థిరపడిన వి.ఎ.కె. రంగారావు 40,000కు పైగా రికార్డులు సేకరించారు. ఆయన వాటిని బీరువాలో పెట్టి ఊరుకోలేదు. ఆ పాటల వివరాలను వ్యాసాల ద్వారా, ప్రసంగాల ద్వారా అందరికీ పంచారు. గాదెలోనే ఉండిపోయిన విత్తనం మొలకెత్తదు కదా!

పంచడానికీ ఒక పద్ధతి ఉంది. రికార్డును అంచులతో పట్టుకోవాలి. ఎండ తగలనివ్వకుండా నిలువుగా పెట్టాలి. లక్క రికార్డును స్పిరిటుతో తుడవకూడదు; స్పిరిటులో లక్క కరుగుతుంది. కాగితం మీది పేర్లను, సంఖ్యను తప్పు లేకుండా రాసుకోవాలి. పాటను కంప్యూటరులోకి ఎక్కించి నలుగురికీ వినిపించవచ్చు. అయితే హక్కుల సంగతి మరువరాదు. మన దేశంలో రికార్డుపై హక్కు అది వెలువడిన తరువాత 60 సంవత్సరాలు, రచనపై హక్కు రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరాలు ఉంటుంది.

బళ్ళారి, హోసూరు, బరంపురం, షోలాపూరు, యానాం వంటి చోట్ల తరతరాలుగా తెలుగువారు ఉంటున్నారు. ఆ ఇళ్ళ అటకల మీదా పాత పాటలు ఉండవచ్చు. మీ అవ్వనో తాతనో అడిగి చూడండి. రికార్డు దొరకకపోయినా, వారికి గుర్తున్న పాట ఒకటైనా దొరుకుతుంది. పాడినవారి పేరుతో సహా దానిని రాసి పెట్టండి. గౌహర్ జాన్ తన పేరు తాను చెప్పుకుంది. పేరు చెప్పుకోలేని పాటలకు మనమే నోరు కావాలి.

అభ్యాసం

1. లలిత గీతాలు త్వరగా కనుమరుగయ్యే ప్రమాదం ఎందుకు ఉంది?
2. “గాదెలోనే ఉండిపోయిన విత్తనం మొలకెత్తదు” – ఈ మాటను పాఠం ఆధారంగా వివరించండి.
3. మీ ఇంటి పెద్దలకు గుర్తున్న ఒక పాత పాటను సేకరించి, దాని వివరాలు రాసి తరగతిలో చదవండి.