పుస్తకం పూర్తయ్యేలోగా పాతబడని సబ్జెక్టు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ టెక్నికల్ పుస్తకం రాయాలనుకునేవాళ్లు తమకెంత తెలుసన్నదాని కంటే ముందు, ఎన్నాళ్లు పడుతుందో లెక్క వేసుకోవాలి. ఆఫీసు పనయ్యాక చేతిలో మిగిలేది గంటో, గంటన్నరో. ఆ లెక్కన చిన్న పుస్తకానికే ఏడాది దాటిపోవచ్చు. పెద్దదైతే మూడు నాలుగేళ్లు. ఈలోగా మీరు ఎంచుకున్న ఫ్రేమ్‌వర్క్‌కు కొత్త వెర్షన్లు వచ్చేస్తాయి. చివరి అధ్యాయం రాసేసరికి మొదటి అధ్యాయంలోని కమాండ్లు పనిచేయవు.

రాబర్ట్ నిస్ట్రమ్ ఈ చిక్కును తెలివిగా తప్పించుకున్నారు. గూగుల్‌లో డార్ట్ భాష మీద పనిచేస్తూనే, ఏళ్ల తరబడి రోజూ కొంచెం కొంచెంగా 'క్రాఫ్టింగ్ ఇంటర్‌ప్రెటర్స్' రాశారు. 2021లో అచ్చయింది. అందులో ఓ బుల్లి ప్రోగ్రామింగ్ భాషను తానే సృష్టించి, దానికి ఒకసారి జావాలో, మరోసారి సీలో ఇంటర్‌ప్రెటర్ కట్టి చూపించారు. భాష ఆయనదే కాబట్టి వెర్షన్ మార్చి ఇబ్బంది పెట్టేవాళ్లు లేరు! పుస్తకంలోని ప్రతి కోడ్ ముక్కనూ నడుస్తున్న ప్రోగ్రామ్ నుంచే తీసుకునేలా సొంతంగా స్క్రిప్టు కూడా రాసుకున్నారు. అమీర్‌పేట జిరాక్స్ నోట్సులో ప్రోగ్రామ్ టైప్ చేసి, ఎందుకు నడవడం లేదో తెలియక తల పట్టుకున్నవాళ్లకు ఈ శ్రమ విలువ వేరే చెప్పక్కర్లేదు.

1978లో వచ్చిన 'ది సీ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' సంగతి మరోలా ఉంటుంది. దాని రచయితలు కెర్నిఘన్, రిచీ ఇద్దరూ బెల్ ల్యాబ్స్ ఉద్యోగులు. కెర్నిఘన్ అప్పటికే సీ మీద ట్యుటోరియల్ రాసి ఉన్నారు, రిచీ దగ్గర రిఫరెన్స్ మాన్యువల్ ఉంది. పుస్తకానికి పునాది ఆఫీసులోనే పడిందన్నమాట. మీ టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలు కూడా అలాంటి ముడిసరుకే.

అయితే సందేహాలను తెచ్చుకోండి, ఆఫీసులో రాసిన నోట్సును కాదు. 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగ విధుల్లో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. ఆఫర్ లెటర్‌లో బయటి పనుల గురించి ఏముందో చదవండి. మేనేజర్ 'పర్లేదులే' అంటే సరిపోదు, హెచ్‌ఆర్ నుంచి మెయిల్ తీసుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్ మీద ఒక్క పేజీ కూడా రాయకండి.

ప్రచురణకర్తలు సాధారణంగా విషయసూచిక, పాఠకులెవరు, ఇప్పటికే ఉన్న పుస్తకాలకు దీనికి తేడా ఏమిటి, ఒక నమూనా అధ్యాయం అడుగుతారు. నా మాట వింటే, నమూనాగా ముందుమాట లాంటి తేలిక అధ్యాయం వద్దు. మధ్యలోని కష్టమైనది రాయండి. అది రెండు నెలల్లో తెమలకపోతే ఒప్పందం మీద సంతకం పెట్టకపోవడమే మేలు.

డబ్బు మాట క్లుప్తంగా: పేరున్న సంస్థలు చాలావరకు తమకు వచ్చిన నికర మొత్తంలో పది శాతం అటూ ఇటూగా రాయల్టీ ఇస్తాయి. సొంతంగా ప్రచురించుకునేవాళ్ల వేదిక లీన్‌పబ్ 80 శాతం ఇస్తుంది కానీ, ఎడిటింగ్, ప్రచారం మీ నెత్తినే. రాయల్టీతో ఈఎంఐ కట్టే ఆశ పెట్టుకోవద్దు.

రాసిన ప్రతి అధ్యాయాన్నీ ఇద్దరికి ఇవ్వండి. సీనియర్ సాంకేతిక తప్పులు పడతారు. ఏడాది అనుభవమున్న జూనియర్‌ను మాత్రం అభిప్రాయం అడక్కండి, 'బాగుందన్నా' అనేస్తారు. పక్కన కూర్చుని కోడ్ నడపమనండి, ఎక్కడ ఆగారో రాసుకోండి.