తొలకరికి ముందు పశుగ్రాస విత్తనముల పరీక్ష

మే నెల ద్వితీయార్ధమున నైరుతి ఋతుపవనము అండమాను తీరములను తాకకమునుపే, జనవరి మొదలు ఎండి వడలిన బీళ్లలో గ్రాసము చల్లదలచిన మన తెలుగు రైతులు, చెన్నపట్టణమునుండియో విశాఖపట్టణమునుండియో ఓడలో వచ్చిన విత్తనపు సంచియెదుట ఒక పూట తీరికగా కూర్చుండవలెనని నా మనవి. ఏటేట ఇంచుమించు 3000 మిల్లీమీటర్ల వాన కురిసి, వేసవియందు సైతము గాలిలో చెమ్మ వీడని ఈ దీవులలో, విత్తనము కంటికి నిగనిగలాడుచునే లోలోపల నిర్జీవమగును. కావున కన్నొక్కదానినే నమ్మరాదు. మందు పట్టించి రంగు వేసిన విత్తనమును మాత్రము ఉత్తచేతులతో తాకరాదు, వాసన చూడరాదు, నోట పెట్టరాదు.

మందు లేని సంచిలోనికి మోచేతివరకు చేయి చొప్పించినప్పుడు లోపల చల్లగా, పొడిగా ఉండి గింజలు వ్రేళ్లసందులనుండి జారిపోవలెను. నడిమి భాగము వెచ్చగా తగిలినను, గింజలు ఉండకట్టినను, చెమ్మ పట్టి విత్తనము ఉడుకుచున్నదని గ్రహింపవలెను. ఆ పిడికెడే వాసన చూడుడు. ముక్కిన వాసనను ఎండ పోగొట్టవచ్చునుగాని, నశించిన మొలకశక్తిని ఎండ తిరిగి తేజాలదు. అలసంద, జొన్న గింజలు పంటికింద టప్పున పగులవలెను. పల్లు దిగబడినచో ఇంకను ఆరలేదన్నమాట.

గినీగడ్డి విత్తనము అన్నిటికంటె మాయలమారి. కంకిలోని గింజలు ఒక్కమారుగా పండక, పండినవి ముందుగా రాలిపోవుటచేత, కోసి తెచ్చినదానిలో తాలు మిక్కిలిగా చేరును. చిటికెడు విత్తనమును అరచేతులనడుమ నలిపి మెల్లగా ఊదినచో పొట్టు ఎగిరిపోయి, అసలు గింజ ఎంతయో తేలును. ఒక సంవత్సరము సంచి బరువు చూచి మురిసి ఈ పని చేయక, వానలన్నియు గడచినను పలుచబారిన మడినే నేను చూడవలసివచ్చినది. మరియు గినీగడ్డి క్రొత్త గింజ కొన్ని నెలలు నిద్రావస్థలో ఉండును. వాసనకు, స్పర్శకు సలక్షణముగా ఉన్నను అప్పుడే మొలవదు. నేపియరుకు ఈ చిక్కు లేదు. దానిని పిలకలతో నాటుదుముగదా.

కావున ఇంద్రియముల తీర్పుపిమ్మట తడిగుడ్డ పరీక్ష తప్పనిసరి. నూరు గింజలను తడిగుడ్డలో చుట్టి నీడయందుంచి, మొలకలను లెక్కింపుడు. సుబాబుల్ గింజలు నానక రాళ్లవలె మిగిలినచో చచ్చినవని పారవేయరాదు; వాని పెంకు గట్టిది, సుమారు 80 డిగ్రీల వేడినీటిలో నాలుగైదు నిమిషములుంచిన మెత్తబడును. సందేహము మిగిలినచో గారాచర్మలోని కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థవారిని అడుగుటకు సంకోచింపవలదు. తడిగుడ్డ పరీక్షలో అలసంద వారములోపలనే ఫలితము చెప్పును. గడ్డిగింజలకు రెండు మూడు వారములైనను పట్టును గనుక, సంచిని ఏప్రిల్ నెలలోనే విప్పవలెను.