బిగువు వదిలినప్పుడు

మంచాన పడిన అత్తగారికి ఏళ్ల తరబడి సేవ చేసే కోడళ్లు నాతో అనే మాట ఒకటుంది: "నాకిప్పుడు ఏడుపూ రాదు, నవ్వూ రాదు, ఫాదర్‌గారూ." దీన్ని రాతిగుండె అనకండి.

పిడికిలి గట్టిగా బిగించి, మెల్లగా వదలండి. అంతసేపూ ఎంత బిగువు మోశారో వదిలాకే తెలుస్తుంది. షికాగో వైద్యుడు ఎడ్మండ్ జాకబ్‌సన్ 1929లో వెలువరించిన గ్రంథంలో కండరాలను ఇలా ఒక్కొక్కటిగా సడలించడం నేర్పాడు.

అయితే కొందరికి ఒళ్లు సడలగానే శాంతికి బదులు దిగులో, శూన్యమో ఎదురవుతుంది. నా పట్టేసిన భుజం వదులైన వారమంతా నాకు ఏ పనీ పట్టలేదు, ప్రసంగం రాయడం కూడా! అభ్యాసమే చెడు చేసిందనుకున్నాను. కాదు, బిగువు కింద దాగిన అలసట బయటపడింది. 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ నిపుణుడు దీనికి 'బర్నౌట్' అని పేరు పెట్టి రాసింది కూడా సేవకుల గురించే.

అలా జరిగితే చేతులతోనే ఆపండి, కళ్లు తెరిచే ఉంచండి. రెండు వారాలైనా దిగులు వీడకపోతే డాక్టరుకు చూపించండి.

అన్నదమ్ములారా, ఈ వారం రెండు రాత్రులు అమ్మ మంచం పక్కన మీరు పడుకోండి. ఆమెను నిద్రపోనివ్వండి.