కోటిపల్లి రైలు

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలి సముద్రాన్ని చేరుతుంది. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ అనే పాయల నడుమనున్న సారవంతమైన భూభాగమే కోనసీమ. గౌతమి ఎడమగట్టున కోటిపల్లి, దానికి ఎదురుగా ఆవలిగట్టున ముక్తేశ్వరం వెలసి ఉన్నాయి. కోటిపల్లి సోమేశ్వరాలయం మిక్కిలి ప్రసిద్ధమైనది. మహాశివరాత్రికీ, పన్నెండేండ్లకు ఒకమారు వచ్చే గోదావరి పుష్కరాలకూ అచ్చటి రేవు యాత్రికులతో నిండిపోతుంది. ఆ రేవులో పడవనో పంటునో ఎక్కి నది దాటితే కోనసీమలో అడుగుపెట్టినట్లే. అందువల్ల కోటిపల్లి పుణ్యక్షేత్రంగానే గాక కోనసీమకు ఒక ముఖద్వారంగా కూడా పేరు పొందింది. ఈ ద్వారం దాకా రైలు రావడం, పోవడం, మళ్లీ రావడం ఒక విచిత్రమైన కథ.

కాకినాడ ఓడరేవు పట్టణం. సామర్లకోట నుండి వచ్చే శాఖామార్గం ద్వారా అది మద్రాసు – కలకత్తా ప్రధాన మార్గంతో ముడిపడి ఉంది. ఆనకట్ట వల్ల సస్యశ్యామలమైన గోదావరి డెల్టాలో విరివిగా పండే వరిధాన్యమూ, కోనసీమ కొబ్బరీ ఆ రోజుల్లో కాలువల మీద పడవలలోనూ, బాటల మీద ఎడ్లబండ్లలోనూ సాగిపోయేవి. ఇటువంటి ప్రాంతంలో 1928లో కాకినాడ నుండి కోటిపల్లి వరకు రైలుమార్గం ఏర్పడింది. దీని పొడవు సుమారు 45 కిలోమీటర్లు. కరప, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా అది గౌతమీతీరాన్ని చేరింది. వీటిలో ద్రాక్షారామం పంచారామాలలో ఒకటి. శ్రీనాథుని భీమేశ్వరపురాణానికి ఆధారమైన క్షేత్రం. వరిచేల నడుమ సాగే ఈ చిన్నమార్గం వర్తకులకూ యాత్రికులకూ సమానంగా ఉపకరించేదే. అయితే అది నది ఒడ్డున ఆగిపోయింది. గౌతమిపై వంతెన కట్టడం ఒక చిన్న శాఖామార్గం భరించగల ఖర్చు కాదు. రైలు దిగినవారు మళ్లీ పడవ ఎక్కక తప్పలేదు.

ఈ మార్గం పుట్టిన ఘడియ మంచిది కాదనే చెప్పాలి. మరుసటి సంవత్సరమే, అంటే 1929లో, ప్రపంచాన్ని ఆర్థికమాంద్యం ఆవరించింది. పంటల ధరలు పడిపోయాయి. అదే దశాబ్దంలో దేశమంతటా మోటారు బస్సులు రైళ్లకు పోటీగా వచ్చి చిన్న మార్గాల ఆదాయాన్ని దెబ్బతీశాయి. 1939లో రెండవ ప్రపంచయుద్ధం మొదలైంది. సైనిక అవసరాలకు ఉక్కు కావలసి వచ్చింది. కొత్త పట్టాలు దొరకడం దుర్లభమైంది. అంతట ఆనాటి ప్రభుత్వ దృష్టి రాబడి తక్కువగా ఉన్న శాఖామార్గాలపై పడింది. దేశంలో అనేక చోట్ల పట్టాలు ఊడదీసి యుద్ధావసరాలకు తరలించారు. కోటిపల్లి మార్గానికీ 1940లో ఆ గతే పట్టింది. పన్నెండేండ్లు నడిచిన రైలు మాయమైంది. ఎక్కడో జరుగుతున్న యుద్ధానికి ఈ డెల్టా గ్రామాలు చెల్లించిన మూల్యం అది. ఆ మూల్యం చెల్లించమని వారినెవ్వరూ అడిగింది లేదు.

యుద్ధం 1945లో ముగిసింది. దేశానికి స్వాతంత్ర్యమూ వచ్చింది. పట్టాలు మాత్రం తిరిగి రాలేదు. ఒక తరం వారికి రైలు జ్ఞాపకంగానూ, తరువాతి తరం వారికి పెద్దలు చెప్పే కథగానూ మిగిలింది. కోనసీమకు కేంద్రమైన అమలాపురం వాసులు రైలెక్కాలంటే రాజమండ్రికో కాకినాడకో బస్సులో పోవలసి వచ్చేది. కొబ్బరి వ్యాపారానికి పేరుమోసిన అంబాజీపేట సరుకంతా లారీలనే నమ్ముకొంది.

మార్గాన్ని పునరుద్ధరించాలన్న కోరిక ఫలించడానికి అమలాపురం పార్లమెంటు సభ్యుడైన జి.ఎం.సి. బాలయోగి చేసిన కృషి ముఖ్యకారణం. ఆయన 1998లో లోక్‌సభ స్పీకరు పదవిని అధిష్ఠించారు. 2002 మార్చి 3వ తేదీన కృష్ణా జిల్లా కైకలూరు సమీపంలో జరిగిన హెలికాప్టరు ప్రమాదంలో కన్నుమూయడం వల్ల తన కృషి ఫలితాన్ని ఆయన చూడలేకపోయారు. 2003 నాటి పుష్కరాలకు కూడా యాత్రికులు కోటిపల్లికి రోడ్డు మీదనే వచ్చారు. 2004లో, అరవై నాలుగేండ్ల విరామం తరువాత, కోటిపల్లిలో మళ్లీ రైలుకూత వినిపించింది.

ఈ మార్గంలో నడిచిన బండిని రైలుబస్సు అంటారు. దీనికి వేరుగా ఇంజను ఉండదు. బస్సువలె డీజిలు యంత్రం పెట్టెలోనే అమరి ఉంటుంది. రెండు చివరల నుండీ నడిపే వీలుంది గనుక చివరి స్టేషనులో ఇంజనును విప్పి ఆవలికొసకు తగిలించే పని తప్పుతుంది. ప్రయాణికులు కొద్దిగా ఉండే చిన్న మార్గాలకు ఇది పొదుపైన ఏర్పాటు. కాని పొదుపు ఒక్కటే ప్రయాణికులను రప్పించలేదు. 1928లో రైలుకు పోటీ ఎడ్లబండి, పడవ. 2004 నాటికి ఊరూరికీ బస్సులు, ఆటోలు వచ్చాయి. యానాం – ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ నుండి అమలాపురానికి నేరుగా రోడ్డు ఏర్పడింది. నది దాటించే బస్సును వదిలి, నది ఒడ్డున దింపే రైలును జనం ఎందుకు ఎక్కుతారు? లోపం రైలుబస్సుది కాదు, మార్గం ఆగిన చోటుది.

అసలు కోటిపల్లి ఈ మార్గానికి తుదిస్టేషనుగా ఉండిపోవాలన్నది ఉద్దేశం కాదు. ఇక్కడి నుండి అమలాపురం మీదుగా నరసాపురం వరకు 57 కిలోమీటర్ల కొత్త మార్గం 2000–01లో మంజూరైంది. ఇందులో మూడు గోదావరి పాయలను దాటాలి: కోటిపల్లి వద్ద గౌతమి, బోడసకుర్రు వద్ద వైనతేయ, నరసాపురం చేరే ముందు వసిష్ఠ. వరదకాలంలో ఉద్ధృతంగా పారే ఈ పాయలలో, మెత్తని డెల్టా నేలలో, లోతుగా పునాదులు దింపాలి. ఖర్చంతా ప్రధానంగా వంతెనలదే. వ్యయంలో నాలుగవ వంతు రాష్ట్ర ప్రభుత్వం భరించాలని నిర్ణయించారు. భూసేకరణ, నిధుల విడుదల ఏళ్ల తరబడి సాగడంతో అంచనా వ్యయం పెరుగుతూ పోయింది. గౌతమిలో వంతెన స్తంభాలు లేచాయి. నరసాపురం నుండి భీమవరం మీదుగా ఇప్పటికే రైలుమార్గం ఉంది. ఈ 57 కిలోమీటర్లు పూర్తయితే కాకినాడ నుండి భీమవరానికి రాజమండ్రి తాకకుండా, కోనసీమ నడుమనుండి బండ్లు పోగలుగుతాయి.