పని మారినప్పుడు



నలభై దాటాక పని మారవలసివస్తే మనిషిని మొదట కుంగదీసేది ఆదాయం తగ్గడం కాదేమో, పిలుపు పోవడమేమో అనిపిస్తుంది. 'సారు', 'డ్రైవరన్న', 'మేస్త్రి' అని ఊరంతా పిలిచిన పిలుపు పోతే తానెవరో తనకే తెలియనట్లవుతుంది.

2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ప్రైవేటు బడుల ఉపాధ్యాయులెందరో జీతాల్లేక కూలికి వెళ్లారు, కూరగాయలమ్మారు. ప్రభుత్వం వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది 2021 ఏప్రిల్‌లో. అప్పటికే ఏడాది గడిచింది.

నాకు తెలిసిన లెక్కల సారు ఒకరు కోదాడలో తోపుడుబండి పెట్టారు. తన వీధిలో కాదు, తననెవరూ ఎరుగని వీధిలో. ముఖానికి మాస్కు ఉండడం మేలైందనుకున్నారట. మూడోరోజే ఒక విద్యార్థి తల్లి గుర్తుపట్టి, "సారూ, టమాటలెట్ల కిలో?" అని మామూలుగా అడిగింది. "ఆ పిలుపు వినంగనే సగం బరువు దిగింది, ఫాదర్" అన్నారాయన.

మిగతా సగం బరువు నేర్చుకోవడంలో ఉంది. ఇల్లు కట్టడం ఇళ్లు కడుతూనే వస్తుందంటాడు అరిస్టాటిల్. అంటే మొదట వంకరగోడలే లేస్తాయి! పదిహేనేళ్ల అనుభవమున్నవాడు కొడుకు వయసువాని దగ్గర మళ్లీ ఓనమాలు దిద్దాలి. మన సారుకు ఎక్కాలు వచ్చుగాని బేరం రాదు. మొదటివారం కొత్తిమీరంతా వాడిపోయింది.

1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్లొచ్చాక మిర్యాలగూడ ప్రాంతపు మెట్టరైతులు కూడా నడివయసులో వరిసాగుకు మళ్లారు. అయితే వారి కాళ్లకింద సొంత నేల ఉంది. జీతగానికి అదీ లేదు. కాబట్టి "ధైర్యంగా ఉండు" అంటే చాలదు.

ఇంట్లో దాచకండి. పని పోయిన సంగతి చెప్పలేక టిఫిన్ డబ్బాతో బయలుదేరి బస్టాండులో పొద్దుపుచ్చేవారున్నారు. అప్పులు, చీటీలు, పిల్లల ఫీజులు ఒక కాగితంమీద రాసి ఆలుమగలిద్దరూ చూడాలి. పి.ఎఫ్. ఉన్నవారు తొందరపడి పింఛను భాగం సొమ్ము తీసుకోవద్దు. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. మధ్యలో తీసుకుంటే గడిచిన సర్వీసు పోతుంది. స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే అది తర్వాతి ఉద్యోగంలో కలుస్తుంది.

2021 సెప్టెంబరులో బడులు తెరిచాక సారు తిరిగి పాఠాలకు వెళ్లారు. బండి మాత్రం అమ్మలేదు. దాన్ని ఆయన భార్య నడుపుతున్నారు. బేరంలో ఆయనకంటే దిట్ట. ఇప్పుడది వాళ్ల సొంత వీధిలోనే నిలుస్తోంది.