ఎండాకు తెగులును తట్టుకొను వరి

వరి పండించు రైతునకు ఎండాకు తెగులును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. ఆకు కొన మొదలుకొని అంచులవెంట అలలవలె పసుపుచారలు దిగి, తుదకు ఆకంతయు గడ్డివలె ఎండిపోవును. దీనికి కారణము కంటికి కానరాని బాక్టీరియా. గాలివానచేతను, కాలువ నీటిచేతను ఇది మడినుండి మడికి వ్యాపించును. నత్రజని ఎరువు మితిమీరిన చేలలో దీని ఉధృతి హెచ్చు. తెగులు ముదిరిన పిదప మాన్పగల మందు లేదు. కావున తెగులును తట్టుకొను విత్తనమే ముఖ్యమగు రక్ష.

అట్టి శక్తి యెట్లు వచ్చును? మొక్క లక్షణములను నిర్ణయించు సూక్ష్మాంశములకు జన్యువులని పేరు. ఆఫ్రికాలోని మాలి దేశపు అడవివరి యొకటి ఈ తెగులునకు లొంగదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అందలి రక్షక జన్యువునకు ఎక్స్‌ఏ 21 అని పేరిడిరి. 1995లో అమెరికాయందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పమేలా రోనాల్డు బృందమువారు ఆ జన్యువును వేరుపరచి, తెగులునకు లోబడు వరి కణములలో చొప్పింపగా, అట్లు పెరిగిన మొక్కలు తెగులును తట్టుకొనెను. సూక్ష్మజీవి రాకను పసిగట్టి మొక్కను మేల్కొల్పుట ఈ జన్యువు పని.

ఇట్లు చొప్పించుట యొక మార్గము. అట్టి వరి మన దేశమున సాగునకు అనుమతింపబడియుండలేదు. రెండవ మార్గము సంకరము. బాపట్లయందు రూపొంది 1986లో విడుదలయైన సాంబమసూరి సన్నబియ్యమునకు పేరుగాంచినను, ఎండాకు తెగులునకు లోబడును. హైదరాబాదునందలి నాటి వరి పరిశోధన సంచాలనాలయమువారును, కణ, అణు జీవశాస్త్ర కేంద్రమువారును కలసి, సంకరముచే దానిలోనికి ఎక్స్‌ఏ 21, ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5 అను మూడు జన్యువులను తెచ్చిరి.

మూడేల యందురా? సూక్ష్మజీవి మారుచుండును. ఒక తాళమును తీయనేర్చిన దొంగకు మూడు తాళములను ఒక్కమారు తీయుట దుర్ఘటము. అయితే ఒక జన్యువున్నను మొక్క పచ్చగనే యుండును గనుక, మిగిలిన రెండును గలవో లేవో పైచూపునకు తెలియదు. అందుచే తరతరమునను ఆకును పరీక్షించి, జన్యువుల గుర్తులనుబట్టి మొక్కలను ఏరిరి. ఈ మెరుగైన సాంబమసూరి 2008లో విడుదలయ్యెను.

సభ్యులు గమనింపవలసిన విషయములు మూడు కలవు. మొదటిది: ఈ వంగడము ఎండాకు తెగులును మాత్రమే తట్టుకొనును; అగ్గితెగులు, దోమపోటులను గూర్చి యేమరరాదు. రెండవది: ఇది సంకరమువలన పుట్టినను స్థిరపడిన వంగడము, కల్తీలేని పంటనుండి విత్తనము దాచుకొనవచ్చును. మూడవది: గింజ చూచి పాత సాంబమసూరినుండి దీనిని వేరుపరచుట కష్టము. కావున నమ్మదగిన చోటనే కొని, రసీదును, పిడికెడు విత్తనమును భద్రపరచవలయును.

చేలో అనుమానము కలిగినచో, ఎండుచున్న ఆకును కోసి, కోసిన కొనను గాజుగ్లాసులోని తేటనీటిలో ముంచుడు. కొంతసేపటికి పాలవంటి ద్రవము దిగినచో అది ఎండాకు తెగులే. మెరుగైన రకమని కొన్న విత్తనపు చేలో ఇది విరివిగ కనబడినచో, విత్తనము కల్తీయగుటకు అవకాశము కలదు. వెంటనే సంఘమునకును, వ్యవసాయాధికారికిని తెలుపవలయును. ఒక్కరి మడిలోని తెగులు కాలువ దిగువనున్న వారందరిదియు నగును.