ఫోను కొనేముందు మన ఇంటివాళ్లకు చెప్పవలసిన మాటలు



సంక్రాంతి సెలవులు దగ్గరపడ్డాయి. కోటవురట్ల నుంచి నర్సీపట్నం వెళ్లి, అక్కడ బస్సు మారి కొండమీద ఊళ్లకు పోతాం. ఇళ్లల్లో రాజ్మా, కాఫీ అమ్మిన డబ్బులుండే రోజులివి. ఆ డబ్బుతో ఫోను కొనే ఇళ్లు చాలా ఉంటాయి. అందుకే ఈసారి గోడపత్రికకు ఈ పాఠం రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి చెబుతాను. కిందటేడు మా అయ్య సంతలో ఒక దుకాణంలో 1,400 రూపాయలు పెట్టి ఫోను కొన్నాడు. బిల్లు అడగలేదు, వాళ్లూ ఇవ్వలేదు. రెండు నెలలకే ఛార్జింగు ఎక్కడం మానేసింది. పట్టుకెళితే దుకాణం ఆయన, "ఇది నా దగ్గరే కొన్నావని ఏటి గేరంటీ?" అన్నాడట. అయ్య మాట్లాడకుండా వచ్చేశాడు. ఒక రోజు కూలీ, బస్సు ఛార్జీ కూడా పోయాయి. ఆ తరువాత ఇంటి నుంచి నాకు ఫోను లేదు. చెల్లి జ్వరంతో ఆసుపత్రిలో ఉన్న సంగతి, ఇంటికి తిరిగొచ్చాక గాని నాకు తెలియలేదు. డబ్బు పోయిందని కాదు గాని, ఆ విషయం ఇప్పటికీ బాధగా ఉంటుంది.

1. ఏ ఫోను మంచిది?

మా గదిలో దీనిమీద పెద్ద వాదనే జరిగింది. టచ్ ఫోనే కావాలని కొందరన్నారు. పరీక్షా ఫలితాలు చూసుకోవచ్చు, పాఠాలు చూడవచ్చు అన్నారు. అది నిజమే. కాని మనం సంవత్సరంలో ఎక్కువ రోజులు ఇక్కడే ఉంటాం. ఇంట్లో ఫోను వాడేది అమ్మానాన్నలు. వాళ్లకు కావలసింది పెద్ద మోత, పెద్ద మీటలు, చాలా రోజులు నిలిచే ఛార్జింగు, చీకట్లో టార్చి. 2003లో నోకియా 1100 అనే ఫోను టార్చితో, దుమ్ము చొరబడని మీటలతో వచ్చింది. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఫోన్లలో అదొకటి. అంటే ఇలాంటి అవసరం మనకొక్కరికే కాదన్నమాట. బ్యాంకు, ఆధార్ ఓటీపీలు మీటల ఫోనుకూ వస్తాయి. నా అభిప్రాయం ఏమిటంటే, ఇంటికి మొదటి ఫోను మీటలదే మేలు. డబ్బు మిగిలితే రెండోది ఆలోచించవచ్చు.

2. ముందు సిగ్నలు, తరువాత ఫోను

మన ఊళ్లో ఏ కంపెనీ సిగ్నలు అందుతుందో ముందు కనుక్కోవాలి. జియోకు 2జీ లేదు. కాబట్టి 2జీ మాత్రమే ఉన్న ఫోనులో జియో సిమ్ పనిచేయదు. పెట్టె మీద 4జీ అని ఉందో లేదో చూసుకోవాలి.

3. బ్యాటరీ లెక్క

పెట్టె మీద 1000 ఎంఏహెచ్ అని ఉందనుకోండి. ఊరకే ఉన్న ఫోను 5 మిల్లీ ఆంపియర్ల కరెంటు తీసుకుంటే 1000 ÷ 5 = 200 గంటలు, అంటే ఎనిమిది రోజులు దాటి వస్తుంది. అదే 20 తీసుకుంటే 50 గంటలే, రెండు రోజులకే అయిపోతుంది. సిగ్నలు లేనిచోట ఫోను టవరు కోసం వెతుకుతూనే ఉంటుంది, అందుకే ఛార్జి తొందరగా దిగిపోతుంది. పొలానికి వెళ్లినప్పుడు అక్కడ సిగ్నలు లేకపోతే ఫోను ఆపేయడమే నయం.

4. బిల్లు, పెట్టె, నంబరు

పెట్టె మీద ఎం.ఆర్.పి., తయారీదారు పేరు, ఫిర్యాదు చేయవలసిన నంబరు ఉండాలి. ఎం.ఆర్.పి. కంటే ఎక్కువ తీసుకోకూడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పుడు వ్యాపార పద్ధతి. అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. ఫోనులో *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనబడుతుంది. రెండు సిమ్‌ల ఫోనుకు రెండు నంబర్లుంటాయి. పెట్టె మీది నంబరుతో సరిపోకపోతే ఆ ఫోను తీసుకోవద్దు. ఫోను పోతే పోలీసు ఫిర్యాదుకు, ఫోను పనిచేయకుండా ఆపించడానికి ఈ నంబరే ఆధారం. కొట్టువాడు వినకపోతే 1915కు ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

5. రీఛార్జి

ఇంటర్నెట్టు వాడనివాళ్లు దానికి డబ్బు కట్టనక్కరలేదు. మాటలకు, మెసేజీలకు మాత్రమే పనికొచ్చే ప్లాను కనీసం ఒకటి ఉండాలని ట్రాయ్ 2024 డిసెంబరులో నియమం పెట్టింది. కొట్టులో పేరు చెప్పి అడగాలి, అడగకపోతే వాళ్లు చెప్పరు. సిమ్‌ను నెలల తరబడి వాడకుండా వదిలేస్తే నంబరు రద్దయి వేరేవాళ్లకు పోతుంది. అప్పుడు బ్యాంకు ఓటీపీలతో ఇబ్బంది.

6. మీటల్లో దాగిన సదుపాయాలు

మా అమ్మకు చదువు రాదు. అందుకని కొత్త ఫోనులో 2 మీటకు హాస్టలు నంబరు పెట్టాను. 2ను నొక్కి పట్టుకుంటే చాలు, ఇక్కడ మోగుతుంది. 3కు మా మావయ్య నంబరు పెట్టాను. కాని 5, 9 మీటలకు ఎవరి నంబరూ పెట్టకండి. 2017 నుంచి మన దేశంలో అమ్మే మీటల ఫోన్లలో 5 గాని 9 గాని నొక్కి పట్టుకుంటే ఆపద సహాయానికి ఫోను పోవాలన్నది ప్రభుత్వ నియమం. ఆ నంబరు 112. ఆటకోసం నొక్కకూడదని తమ్ముళ్లకూ చెప్పాలి. కొన్ని ఫోన్లు నొక్కిన అంకెను పైకి పలుకుతాయి. చూపు మందగించిన పెద్దవాళ్లకు అది బాగా పనికొస్తుంది.

7. మోసగాళ్లు

"బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, నంబరు చెప్పండి" అంటే ఫోను పెట్టేయాలి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోను చేయాలి.

ఇంటికెళ్లాక చేయవలసిన పని: ఒక అట్టముక్క మీద పెద్ద అంకెలతో హాస్టలు నంబరు, 108, 112, 1915, 1930, ఇంటి ఫోను ఐఎంఈఐ రాయండి. తలుపు వెనక అంటించండి. బిల్లు రేషను కార్డుతో కలిపి దాచండి.

మొన్న ఆదివారం వార్డెను సారు గదిలో ఫోను మోగింది. సారు నన్ను పిలిచారు. "2 నొక్కాను, నువ్వే వచ్చావు" అంది మా అమ్మ. మీ ఇళ్ల నుంచి కూడా ఇలా ఫోన్లు రావాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.

— 9వ తరగతి విద్యార్థి